స్టెంటు పడిన తరువాత

కిందటి ఏడు షాబాన్ నెలలో ఒకనాటి ఫజ్ర్ వేళ మైదుకూరు నుండి మాకు ఫోను వచ్చింది. మా పెదనాయన పెద్ద కుమారునికి మళ్లీ ఛాతీలో నొప్పి వచ్చిందని వదిన ఏడుస్తూ చెప్పింది. ‘మళ్లీ’ అన్న ఆ మాటే మమ్మల్ని కలవరపరిచింది. అంతకు నాలుగు నెలల క్రితమే అన్నకు ఒక పెద్ద ఆసుపత్రిలో మూడు స్టెంట్లు వేశారు. ఆ రోజు వరండాలో నిలబడిన బంధువులందరి నోటా ఒకే మాట: “స్టెంటు పడింది గదా, ఇంగ భయం ల్యా.” ఆ మాటను మేమూ నమ్మాము. ఇంటికి వెళ్లి షుక్రానా నమాజు చేసుకున్నాము. డిశ్చార్జి కాగితాలను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాము.

ఈ నెల ఈ శీర్షికలో ఆ సంచిలోని కాగితాల గురించే వ్రాయదలచాము. కర్నూలు, కడప ప్రాంతాల్లో అటువంటి సంచి లేని వీధి ఈనాడు అరుదు. స్టెంటు వేయించుకోవడం గురించి మనవారు చాలా మాట్లాడుకుంటారు. ఎవరికి ఎన్ని పడ్డాయి, ఎక్కడ వేశారు, ఎంత ఖర్చయింది అన్నవి పెళ్లి విందుల్లో కూడా వినిపించే సంగతులే. వేయించుకున్న మనిషి ఏడాదికి, అయిదేళ్లకు ఎలా ఉన్నాడన్నది మాత్రం అంతగా చర్చకు రాదు.

ఈ చికిత్స వయస్సు యాభై ఏళ్లలోపే. 1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు 38 ఏళ్ల రోగి గుండె రక్తనాళంలోకి సన్నని గొట్టం ద్వారా చిన్న బెలూనును పంపి, పూడిక ఉన్నచోట దానిని ఉబ్బించి దారి తెరిచారు. ఆ రోగి అనంతరం దశాబ్దాల పాటు జీవించాడు. వైద్యుడు మాత్రం 1985లో విమాన ప్రమాదంలో మరణించారు. బెలూనుతో తెరిచిన నాళాలు కొన్ని నెలల్లోనే మళ్లీ ముడుచుకుపోతుండడంతో, లోపల నిలిచి ఉండే లోహపు జాలిని అమర్చే ఆలోచన వచ్చింది. 1986లో ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో తొలి స్టెంటు అమర్చారు. 2002 తరువాత మందు పూసిన స్టెంట్లు వచ్చాయి. మన తెలుగు నేలకూ ఈ కథలో పాత్ర ఉంది. హైదరాబాదులో హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు, క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి 1990ల్లో స్వదేశీ స్టెంటును తయారు చేయించారు. దానికి కలాం–రాజు స్టెంటు అనే పేరు వచ్చింది. ఖరీదు తగ్గించాలన్నదే వారి తపన. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ ధరల సంస్థ స్టెంటు ధరకు హద్దు విధించింది. అంతకుముందు లక్ష రూపాయలు దాటి అమ్ముడైన మందు పూసిన స్టెంటు పన్నులు కాక 29,600 రూపాయలకు దిగింది. అంతకు పదేళ్ల క్రితం, 2007లో, కడప జిల్లాకు చెందిన, స్వయంగా వైద్యుడైన ముఖ్యమంత్రి హయాంలో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. ఇప్పుడు దానిని డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. ఈ రెండింటి వలన, పొలం అమ్ముకోకుండా గుండె చికిత్స చేయించుకునే వీలు సామాన్యునికి కలిగింది. దీనిని కాదనలేము.

అయితే స్టెంట్లన్నీ ఒకటి కాదు. ఒక నాళంలో నేరుగా ఉన్న చిన్న పూడికకు ఒక స్టెంటు వేయడం వేరు, వైద్యులు ‘క్లిష్టమైనవి’ అని వ్యవహరించేవి వేరు. మన సీమవాసులకు ఇది అర్థం కావడానికి కె.సి. కాలువను తలచుకుంటే చాలు. సుంకేసుల వద్ద తుంగభద్రలో మొదలై కడప వరకు సాగే ఆ కాలువలో ఎక్కడో ఒక పిల్లకాలువకు మట్టి అడ్డుపడితే ఇద్దరు కూలీలు ఒక పూటలో తీసివేస్తారు. తలకాలువ మొదట్లోనే పూడిక పడితే కింది ఆయకట్టు అంతా ఎండుతుంది. గుండెలో ఎడమవైపు ప్రధాన నాళం అటువంటిది. కాగితాల్లో దానిని ‘లెఫ్ట్ మెయిన్’ అని వ్రాస్తారు. కాలువ రెండుగా చీలే చోట పూడిక ఉంటే, ఒక పాయను బాగు చేయబోతే రెండవది మూసుకుపోయే ప్రమాదం ఉంది. దీనికి ‘బైఫర్కేషన్’ అని పేరు. మూడు నెలలకు పైగా పూర్తిగా మూసుకుపోయిన నాళం మరొకటి. దానిని ‘సీటీవో’ అంటారు. గోడలకు సున్నం పేరుకొని రాయివలె గట్టిపడిన నాళం ఇంకొకటి. అందులో బెలూను విచ్చుకోదు. ముందు వజ్రపు రజను పొదిగిన చిన్న బరమాతో గీకి దారి చేయవలసి వస్తుంది. వీటికి తోడు పొడవైన పూడికలు, ఒకేసారి మూడు నాలుగు స్టెంట్లు, మధుమేహం, దెబ్బతిన్న మూత్రపిండాలు.

మా అన్నకు వీటిలో మూడు ఉన్నాయి. ప్రధాన నాళం చీలే చోట పూడిక, మూడు నాళాల్లోనూ జబ్బు, పన్నెండేళ్ల మధుమేహం. ఈ సంగతి మాకు తెలిసింది రెండవసారి ఆసుపత్రికి పోయినప్పుడు, ఆ ప్లాస్టిక్ సంచి విప్పి చదివితే. అంతవరకు మాకు తెలిసినదల్లా ‘మూడు బ్లాకులు’ అన్న మాటే.

ఇటువంటి రోగికి స్టెంటు మేలా, ఛాతీ తెరిచి చేసే బైపాస్ మేలా అన్నది ప్రపంచమంతటా వైద్యులు జాగ్రత్తగా పరిశీలించిన ప్రశ్న. అమెరికా, ఐరోపాల్లో ‘సింటాక్స్’ అనే పరిశీలనలో 1,800 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి స్టెంట్లు, రెండవ వర్గానికి బైపాస్ చేశారు. పదేళ్ల తరువాత లెక్క చూస్తే, మూడు నాళాల జబ్బు ఉన్నవారిలో స్టెంటు వర్గంలో 28 శాతం, బైపాస్ వర్గంలో 21 శాతం మరణించారు. ప్రధాన నాళం జబ్బు ఉన్నవారిలో మాత్రం 26, 28 శాతాలు, అంటే ఇంచుమించు సమానం. 2012లో వెలువడిన ‘ఫ్రీడమ్’ పరిశీలన ప్రత్యేకించి మధుమేహ రోగులది. ఒకటికి మించిన నాళాల్లో జబ్బున్న 1,900 మందిని అయిదేళ్లు గమనిస్తే, స్టెంటు వర్గంలో 16.3 శాతం, బైపాస్ వర్గంలో 10.9 శాతం మరణించారు. పక్షవాతం మాత్రం బైపాస్ వర్గంలోనే ఎక్కువ: 5.2 శాతం, స్టెంటు వర్గంలో 2.4 శాతం.

ఈ అంకెలు చూపి ‘స్టెంటు చెడ్డది’ అనడం మా ఉద్దేశం కాదు. గుండెపోటు వచ్చి నాళం మూసుకుపోయిన ఘడియలో స్టెంటు ప్రాణదాత. వయస్సు పైబడినవారికి, ఊపిరితిత్తులు బలహీనమైనవారికి కోతకంటె అదే క్షేమం కావచ్చు. ఏ రోగికి ఏది అన్నది ఆ రోగి నాళాలను బట్టి, వయస్సును బట్టి నిర్ణయించవలసినది. అయితే ఆ నిర్ణయానికి వ్యవధి కావాలి. మా అన్న విషయంలో ప్రాణం మీదికి వచ్చిన గడియ కాదది. నడిస్తే ఆయాసం వస్తుందని పరీక్షకు వెళ్లినవాడు. యాంజియోగ్రామ్ బల్ల మీద ఉండగానే ఒక యువకుడు కాగితం పట్టుకొని బయటికి వచ్చి, “ఇప్పుడే వేయించేస్తారా, మళ్లీ వస్తారా?” అని అడిగాడు. ‘ఛాతీ కోయరు గదా’ అన్నదొక్కటే మేము అడిగిన ప్రశ్న. అయిదు నిమిషాల్లో సంతకం అయిపోయింది. ఆ సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు మేమే. కనుక ఎవరినో నిందించే అర్హత మాకు లేదు.

ప్రాణాపాయం లేనప్పుడు యాంజియోగ్రామ్ చిత్రాలను తీసుకొని ఇంటికి రావచ్చునని, హృద్రోగ వైద్యుని, గుండె శస్త్రవైద్యుని ఇద్దరినీ అడగవచ్చునని మనవారిలో చాలామందికి తెలియదు. అడిగితే డాక్టరుగారు కోపగించుకుంటారేమోనని జంకు. మంచి వైద్యుడు కోపగించుకోడు. మాది లెఫ్ట్ మెయినా, ఎన్ని నాళాలు, షుగరు ఉన్నవారికి బైపాస్ మేలంటారు గదా, మీరేమంటారు అని అడిగితే చాలు. స్టెంటే అని నిశ్చయమైతే ఇంకొకటి కూడా అడగాలి: నాళం లోపలికి చిన్న అల్ట్రాసౌండు గొట్టాన్నో, కాంతితో చూసే గొట్టాన్నో పంపి, స్టెంటు గోడకు సరిగ్గా అతుక్కొన్నదో లేదో చూస్తారా అని. ఇది పట్టణపు ఆడంబరం కాదు. దక్షిణ కొరియాలో కేవలం క్లిష్టమైన పూడికలు ఉన్న 1,639 మందిపై జరిపిన పరిశీలన 2023లో వెలువడింది. రెండేళ్ల కాలంలో, లోపలి చిత్రం చూసి స్టెంటు వేసినవారిలో 7.7 శాతం మందికి ఆ నాళం వలన మళ్లీ ఆపద వచ్చింది. బయటి ఎక్స్‌రే చిత్రంతోనే వేసినవారిలో అది 12.3 శాతం. ఖర్చు పెరుగుతుంది, నిజమే. సాదా పూడికకు ఇది అన్నివేళలా అవసరం కాకపోవచ్చు. ప్రధాన నాళానికైతే అడగడంలో తప్పు లేదు.

ఇక అన్నకు జరిగినది చెప్పాలి.

స్టెంటు అంటే రక్తప్రవాహంలో నిలిచిన పరాయి లోహం. దాని మీద శరీరం తన సొంత పలుచని పొరను పరచుకొనే వరకు రక్తం అక్కడ గడ్డకట్టాలని చూస్తుంది. ఆ గండం గడిచే వరకు రెండు మాత్రలు కలిపి ఇస్తారు. ఒకటి ఆస్పిరిన్. రెండవది క్లోపిడోగ్రెల్, లేదా టికాగ్రెలార్, లేదా ప్రాసుగ్రెల్. సాధారణంగా గుండెపోటు వచ్చినవారికి ఏడాది, రానివారికి ఆరు నెలలు ఈ జంట సాగుతుంది. వైద్యుడు రోగిని బట్టి దీనిని పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఆ పైన ఒక మాత్ర జీవితాంతం. క్లిష్టమైన స్టెంటులో లోహం పొడవు ఎక్కువ, చీలిక వద్ద ఒకదానిపై ఒకటి వచ్చే చోట్లు ఎక్కువ. అందుచేత గండమూ ఎక్కువే.

అన్నకు దవడ పన్ను నొప్పి వచ్చింది. పట్టణంలో పన్ను తీయించుకోబోతే అక్కడి మనిషి ఒకరు “రక్తం పలుచన చేసే మందులు వారం రోజులు ఆపి రండి” అన్నారు. అన్న రెండూ ఆపాడు. పన్ను తీశారు. పుండు మానింది. ఆపమని చెప్పినవారు తిరిగి మొదలుపెట్టమని చెప్పలేదు. “నాకు బాగనే ఉండె. నడుస్తాంటే ఆయాసం గూడ ల్యా. ఇంగెందుకులే అనుకుంటి,” అని తరువాత ఆసుపత్రి మంచం మీద మాతో అన్నాడు. మాత్రలు ఆపిన పంతొమ్మిదవ రోజున స్టెంటు లోపల రక్తం గడ్డకట్టింది.

ఇది అన్న ఒక్కడి కథ కాదు. 2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, మందు పూసిన తొలి తరం స్టెంట్లు వేయించుకున్న 2,229 మందిని తొమ్మిది నెలలు గమనించగా 29 మందికి స్టెంటులో రక్తం గడ్డకట్టింది. వారిలో 13 మంది చనిపోయారు. గండానికి అన్నింటికంటె బలమైన కారణం మాత్రలను ముందుగా ఆపివేయడమే. అమెరికాలో గుండెపోటు తరువాత స్టెంటు వేయించుకున్న 500 మందిని చూస్తే, నెల తిరగకుండానే 68 మంది ఆ రెండవ మాత్రను మానేశారు. తరువాతి పదకొండు నెలల్లో మానినవారిలో 7.5 శాతం, వేసుకున్నవారిలో 0.7 శాతం మరణించారు. ఈనాటి స్టెంట్లు అప్పటివాటి కంటె మేలైనవి. అయినా మాత్ర మాత్రం మానదగినది కాదు.

పన్ను పీకడానికి ఈ మాత్రలు సాధారణంగా ఆపనవసరం లేదు. దూదితో గట్టిగా అదిమిపట్టి, అవసరమైతే కుట్టు వేసి రక్తాన్ని నిలుపుతారు. కంటి శుక్లాల ఆపరేషను, మొలలు, హెర్నియా, ఏదైనా సరే, ‘ఆపండి’ అనే మాట స్టెంటు వేసిన వైద్యుని నోటి నుండి రావాలి. ఆపితే ఎన్ని రోజులు, ఏ తేదీన మొదలు అన్నవి కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. మలం నల్లగా తారువలె వస్తే, చిగుళ్ల నుండి రక్తం ఆగకుంటే ఆలస్యం చేయక వైద్యునికి చూపాలి. అప్పుడైనా మాత్రను సొంతంగా మానరాదు. కడుపు మంటకు దుకాణంలో అడిగి తెచ్చుకొనే మాత్రల్లో ఒమెప్రజోల్ ఒకటి. అది క్లోపిడోగ్రెల్ శక్తిని తగ్గించగలదు. కనుక దానినీ అడిగే వాడాలి.

మాత్రలు మానడానికి మనవైపు ఇంకొక కారణం పేదరికం. మనదేశంలో 89 ఆసుపత్రుల్లో గుండెపోటుతో వచ్చిన 20,468 మందిని గమనించిన ‘క్రియేట్’ పరిశీలన 2008లో వెలువడింది. నెల లోపల మరణించినవారు సంపన్నుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. పేదల గుండె వేరుగా చేయబడలేదు. అందిన చికిత్సలోని తేడాను లెక్కలోకి తీసుకోగానే ఆ వ్యత్యాసం మాయమైంది. స్టెంటు ఉచితంగా పడినా, నెలనెలా మందుల చీటీ చేతిలో పెట్టి పంపితే హమాలీ పని చేసేవాడు మూడు నెలలు కొని నాలుగవ నెల ఆపేస్తాడు. ప్రభుత్వ పథకంలో కొన్ని చికిత్సలకు తరువాతి మందులు, పరీక్షలు కూడా ఇచ్చే ఏర్పాటు ఉంది. స్టెంటు వాటిలో ఒకటి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. జన్ ఔషధి దుకాణాల్లో ఇవే మందులు చాలా చవక. దారి ఖర్చు కూడా ఒక చిక్కే. ఆదోని నుండి కర్నూలుకు, రాయచోటి నుండి తిరుపతికి ఒక రోజు కూలి పోగొట్టుకొని వెళ్లాలి. మన జమాఅత్‌లలో వైద్యానికి చందా వేసేటప్పుడు ఆపరేషనుకే వేస్తాము. ఆ తరువాతి పన్నెండు నెలల మందులకు కూడా అదే సంచిలో కొంత ఉంచితే బాగుండునని మా మనవి.

రమజాన్ సంగతి చెప్పకుంటే ఈ శీర్షిక అసంపూర్ణం. రోగులు ఉపవాసాలను మరొక దినాల్లో పూర్తిచేసుకొనే సౌలభ్యం అల్‌బఖరా సూరా 184, 185 ఆయతుల్లో ఉన్నదని మనకందరికీ తెలుసు. తెలిసినా మన పెద్దలు ఒప్పుకోరు. నలుగురిలో తినడానికి సిగ్గు. స్టెంటు పడిన తొలి నెలల్లో, గుండె బలహీనమైనవారికి, నీరు పోయే మాత్రలు వాడేవారికి, ఇన్సులిన్ తీసుకునేవారికి ఉపవాసం ప్రమాదం తేగలదు. కర్నూలు ఎండలో ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏడాది గడిచి, నిలకడగా ఉన్నవారిలో కొందరికి వైద్యులు అనుమతిస్తారు. రోజుకు ఒక్కసారి వేసుకొనే మాత్రను ఇఫ్తార్ తరువాత జరపవచ్చు. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లది. దానిని సహరీకి, ఇఫ్తార్‌కు సర్దవచ్చునా, మందు మార్చాలా అన్నది వైద్యుడు చెప్పాలి. చంద్రుడు కనబడిన రాత్రి అడిగితే ప్రయోజనం లేదు. రజబ్‌లోనే వెళ్లి అడగాలి. హజ్, ఉమ్రాలకు పోయేవారు ప్రయాణం మొత్తానికి, మరి పది రోజులకు సరిపడా మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. పెద్ద పెట్టె దారి తప్పితే మక్కాలో మన మందుచీటీ పట్టుకొని తిరగడం ఎంత కష్టమో వెళ్లివచ్చినవారిని అడగండి.

స్త్రీల గురించి ఒక మాట. ఇంట్లో మగవాని మాత్రల డబ్బా ఎక్కడున్నదో భార్యకు తెలుసు. భార్య మాత్రలు ఎన్ని మిగిలాయో భర్తకు తెలియదు. స్త్రీలకు గుండెపోటు కొన్నిసార్లు వాంతిగా, వెన్నునొప్పిగా, అలసటగా వస్తుంది. గ్యాసు అని సోడా తాగించి పడుకోబెడతారు. ఇది మా కుటుంబంలో కూడా జరిగింది. దానిని మరొక నెల వ్రాస్తాము.

అన్నను ఆ రోజు సమయానికే చేర్చగలిగాము. వదిన నొప్పి మొదలైన అరగంటలో 108కి ఫోను చేయడమే కారణం, అల్‌హందులిల్లాహ్. మూసుకుపోయిన స్టెంటును మళ్లీ తెరిచారు. కాని గుండె కండరంలో కొంత భాగం తిరిగిరాలేదు. ముప్పయి శాతం పని చేస్తున్నదని కాగితంలో వ్రాశారు. పసుపు మూటలు భుజాన వేసుకొని మెట్లెక్కిన మనిషి ఇప్పుడు మసీదులో కుర్చీ మీద కూర్చొని నమాజు చేస్తాడు. మార్కెట్టుకు కుమారుడు పోతున్నాడు, ఇంటరు చదువు ఆపి.

మొన్న వెళ్లినప్పుడు వంటింటి గోడకు, ఉప్పు డబ్బా పైన, వదిన ఒక క్యాలెండరు తగిలించి ఉన్నది. మాత్ర వేసిన ప్రతి రోజు తేదీ మీద బొగ్గుతో గీత. చదువు రానిది కనుక డబ్బా మీద ఉదయపు మాత్రకు సూర్యుని బొమ్మ, రాత్రి మాత్రకు నెలవంక బొమ్మ మనవరాలితో వేయించుకుంది. డిశ్చార్జి కాగితాలు బీరువా మీది నుండి దిగి ఆ క్యాలెండరు పక్కనే మేకుకు వేలాడుతున్నాయి.